సంఘం లెక్కలకు తోడు ఎక్కడ ఉన్నది?

పాడి ఉన్న ఇంట తోడు సంగతి ఒకరు చెప్పవలసిన పని లేదు. రాత్రి పాలు కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు ఒక చెంచా తోడు వేస్తే తెల్లవారేసరికి పెరుగవుతుంది. ఏ పిల్లి వల్లనో కుండ ఒలికిపోయిందనుకోండి. గిన్నె పట్టుకొని పొరుగింటికి వెళ్లి తోడు తెచ్చుకుంటాము. ఆ తోడు మొన్న మన ఇంటి నుంచి వెళ్లినదే కావచ్చు. మర్నాటికి మన కుండలో మళ్లీ పెరుగు ఉంటుంది.

సంఘాల లెక్కలు దాచే పెద్ద కంప్యూటరు విషయంలోనూ జరిగేది ఇదే. లెక్కలకు నకలు తీసి వేరే చోట ఉంచటాన్ని బ్యాకప్ అంటారు. లెక్కలు పోయినప్పుడు ఆ నకలు తెచ్చి మళ్లీ నిలబెట్టుకోవటాన్ని రిస్టోర్ అంటారు. మొదటి పని ప్రతి రాత్రీ దానంతట అది జరిగిపోతుంది. రెండవ పని మనుషులు పూనుకొని చేయవలసినది. తోడు మంచిదో కాదో గిన్నెలో చూస్తే తెలియదు, పాలలో వేసి చూస్తేనే తెలుస్తుంది. నకలు సంగతీ అంతే. ఈ రెండవ పని ఎలా జరుగుతుంది, అందులో అరకు, పాడేరు కొండల సంఘాల పాత్ర ఏమిటి అన్నది సభ్యులందరికీ తెలియజేయటమే ఈ వ్యాసం ఉద్దేశం.

పూట పాలు, ఐదారు అంకెలు

మీరు తెచ్చిన పాలు కేంద్రంలో కొలుస్తారు. కొవ్వు శాతం, ఎస్.ఎన్.ఎఫ్. శాతం చూస్తారు. సభ్యుని నెంబరు, తేదీ, పూట, లీటర్లు, రెండు శాతాలు: ఇంతే రాత. మీ పూట కష్టమంతా ఈ ఐదారు అంకెలలో ఉంటుంది. యంత్రం ఉన్న కేంద్రంలో ఈ అంకెలు యంత్రంలో నిలుస్తాయి, మీ చేతికి చీటీ వస్తుంది. సిగ్నలు అందినప్పుడు అవి పై కార్యాలయంలోని సర్వరుకు చేరుతాయి. బిల్లు కట్టేది ఆ సర్వరే.

ఒక్క పూట అంకెలు పోతే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాము. ఒక సభ్యురాలు 3 లీటర్ల పాలు పోసిందనుకుందాము. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి గనుక ఆ పాల బరువు 3.09 కిలోలు. కొవ్వు 5 శాతం ఉంటే అందులోని కొవ్వు 154.5 గ్రాములు. ఆ పూట రాత పోయింది, "అందరికీ సగటున 4 శాతం వేద్దాము" అనుకున్నారు. అప్పుడు ఆమె ఖాతాలో పడేది 123.6 గ్రాములే. ఒక్క పూటకే దాదాపు 31 గ్రాముల కొవ్వు ఆమెకు తరుగు. పలుచని పాలు పోసినవారికి అది ఊరక కలిసివస్తుంది. ఆవును బాగా మేపినవారు నష్టపోయే పద్ధతిలో సంఘం ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఈ కొండల్లో మరొక సంగతి కూడా ఉన్నది. అనేక గిరిజన కుటుంబాలు పూర్వం ఆవు పాలు పితికేవి కావు. పాలు దూడ సొత్తు, ఎద్దు దుక్కికి, పేడ పొలానికి అనేది పాత పద్ధతి. అటువంటి ఇంట పాలు పోయటం మొదలుపెట్టిన తరువాత వారికి సంఘం మీద నమ్మకం కలిగించేది ఒక్కటే, సంతకు ముందు చేతికి వచ్చే సరైన బిల్లు. ఒకటి రెండు బిల్లులు తప్పితే పాలు మళ్లీ దూడకే పోతాయి. అందుకు వారిని తప్పుపట్టేందుకు లేదు. అందుచేత లెక్కల నకలు కంప్యూటరు గది వారి సొంత గొడవ అని మనం ఊరుకోకూడదు.

మిడ్‌రేంజి సర్వరు అంటే

బల్ల మీద పెట్టుకొనే కంప్యూటరుకూ, పెద్ద బ్యాంకులు వాడే మెయిన్‌ఫ్రేముకూ నడుమ నిలిచే యంత్రాలను మిడ్‌రేంజి సర్వర్లు అంటారు. ఐ.బి.ఎం. సంస్థ 1988 జూన్‌లో విడుదల చేసిన ఎ.ఎస్./400 వీటిలో పేరుపొందినది. పేర్లు మారినా ఆ వంశపు యంత్రాలు నేటికీ ప్రపంచమంతటా బ్యాంకులలో, గిడ్డంగులలో, కర్మాగారాలలో లెక్కలు కడుతూనే ఉన్నాయి. ఏళ్ల తరబడి ఆగకుండా నడుస్తాయని వీటికి పేరు. ఆ పేరే ఒక్కొక్కసారి చేటు తెస్తుంది. ఎన్నడూ ఆగని యంత్రం ఆగిన రోజున తిరిగి నిలబెట్టే పద్ధతి ఎవరికీ చేతికి వచ్చి ఉండదు.

ఈ యంత్రంలో లెక్కలు "లైబ్రరీలు" అనే అరలలో ఉంటాయి. సభ్యుల పేర్లు ఒక అరలో, పాల రాతలు ఒక అరలో, చెల్లింపులు మరొక అరలో ఉన్నాయనుకోండి. రాత్రి పని ముగిసిన తరువాత ఒక్కొక్క అరనూ కట్టకట్టి "సేవ్ ఫైలు" అనే మూటలో పెడతారు. ఆ మూటను నెట్‌వర్కు మీద ఉన్న వేరొక కంప్యూటరులోని ఉమ్మడి ఫోల్డరుకు పంపుతారు. ఈ ఉమ్మడి ఫోల్డరునే నెట్‌వర్కు షేరు అంటారు. పొరుగింట తోడు ఉంచటమంటే ఇదే.

తిరిగి తెచ్చే క్రమం

పొరుగింటి తోడు తెచ్చుకోవటానికి గిన్నె చాలు. ఇక్కడ మాత్రం మెట్టు మెట్టుగా వెళ్లాలి.

మొదటి మెట్టు, ఏ రాత్రి మూట కావాలో తేల్చుకోవటం. అన్నిటికంటె కొత్తది మంచిదని తొందరపడరాదు. చెడు మూడు రోజుల క్రితమే మొదలై ఉంటే నిన్నటి మూటలో కూడా ఆ చెడు ఉంటుంది. అందుకే ఒక్క రాత్రి నకలు ఉంచుకొని పాతవి చెరిపివేయటం మంచి పద్ధతి కాదు.

రెండవది, తలుపు తెరుచుకోవటం. ఉమ్మడి ఫోల్డరు ఉన్న కంప్యూటరు మన సర్వరును గుర్తుపట్టాలి. అందుకు ఒక పేరు, ఒక పాస్‌వర్డు ఉంటాయి. ఒకవైపు పాస్‌వర్డు మార్చి రెండవవైపు మార్చటం మరిచితే తలుపు మూసుకుపోతుంది. రాత్రి నకలు వెళ్లటం కూడా ఆ రోజుతోనే ఆగిపోతుంది. వెళ్లనట్లు ఎవరూ చూడకపోతే నెలల తరువాత అవసరం పడినప్పుడు గాని బయటపడదు.

మూడవది, మూటను చెడకుండా మోయటం. దీనికి కొంచెం వివరణ కావాలి. కంప్యూటరు ప్రతి అక్షరాన్నీ ఒక అంకెగా దాస్తుంది. మామూలు కంప్యూటర్లు వాడే ఆస్కీ పద్ధతిలో ఇంగ్లీషు పెద్ద అక్షరం "ఎ"కు 65 అంకె. ఈ మిడ్‌రేంజి యంత్రం వాడే ఎబ్సిడిక్ పద్ధతిలో అదే అక్షరానికి 193. అందువల్ల రెండు రకాల యంత్రాల మధ్య ఉత్తరం వంటి రాతను పంపేటప్పుడు దారిలో అంకెలు మార్చి పంపటం ఆనవాయితీ. కాని సేవ్ ఫైలు ఉత్తరం కాదు, కట్టకట్టిన మూట. దానిలోని అంకెలను దారిలో మార్చితే అది ఇక విప్పటానికి పనికిరాదు. ఉన్నది ఉన్నట్లుగా పంపే పద్ధతిని బైనరీ అంటారు. ఆ పద్ధతిలోనే తేవాలి. అంతేకాదు, మూట చేరకముందే సర్వరులో ఖాళీ సేవ్ ఫైలు ఒకటి తయారు చేసి పెట్టుకోవాలి. అది లేకుండా తెస్తే యంత్రం వచ్చినదాన్ని మామూలు ఫైలుగా దించుతుంది. అప్పుడు మూట అక్కడే ఉన్నా విప్పటానికి వీలు కాదు.

నాలుగవది, విప్పకముందు చూడటం. మూటలో ఏ అరలు ఉన్నాయి, ఏ తేదీన కట్టారు అన్నది విప్పకుండానే చూసే వీలు ఉన్నది. యంత్రం వయసు కూడా ఇక్కడే చూడాలి. కొత్త వ్యవస్థ మీద కట్టిన మూటను, కట్టేటప్పుడే పాతదానికి తగినట్లు కట్టి ఉంటే తప్ప, పాత వ్యవస్థ ఉన్న యంత్రం విప్పలేదు.

ఐదవది, పక్క అరలో విప్పటం. తెచ్చిన నకలును నడుస్తున్న లెక్కల మీద పోయకూడదు. తెచ్చిన తోడు పులిసిందో లేదో చూడకుండా కుండెడు పాలలో వేస్తామా? చిన్న గిన్నెలో వేసి చూస్తాము. అలాగే వేరొక అర పేరు ఇచ్చి నకలును అందులో విప్పి, సంఘాలెన్ని, సభ్యులెందరు, ఒక తేదీన మొత్తం లీటర్లెన్ని అని లెక్క చూడాలి. రెండు మూడు సంఘాల కాగితం రిజిష్టర్లు తెప్పించి అంకెకు అంకె సరిపోల్చాలి.

ఆరవది, అసలు చోటికి చేర్చటం. దీనికీ ఒక వరుస ఉన్నది. యంత్రమంతా పోయినప్పుడు ముందు పనిచేసేవారి పేర్లు, తరువాత అరలు, చివరకు ఎవరికి ఏ అర తాళం అన్న హక్కులు తేవాలి. వరుస తప్పితే లెక్కలు వచ్చినా తెరిచే అధికారం ఎవరికీ ఉండదు, లేదా ఉండకూడనివారికి ఉంటుంది.

ఇక్కడ మన ప్రాంతానికి చెందిన జాగ్రత్త ఒకటి చెప్పాలి. అరకు, పాడేరు ప్రాంతాలు 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. ఆ రోజున అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు కేంద్రంగా ఏర్పడింది. అంతకు ముందటి పాత నకలును ఏ తగాదా తేల్చటానికో విప్పితే సంఘాలన్నీ పాత జిల్లా పేరుతోనే కనబడతాయి. లెక్క తప్పని కంగారుపడరాదు.

ఉన్నదనుకొన్న నకలు

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే ప్రఖ్యాత కంప్యూటరు సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు లెక్కలున్న యంత్రంలోనే చెరిపివేత నడిపించారు. వారికి నకళ్లు తీసే ఏర్పాట్లు ఒకటి కాదు, పలు రకాలు ఉన్నాయి. తీరా చూస్తే రోజూ దూరాన దాచవలసిన చోట నకలే లేదు. రెండు ప్రోగ్రాముల వెర్షన్లు కలియక నకలు తీయటం ఎప్పుడో ఆగింది. ఆగినట్లు తెలిపే ఉత్తరాలు కూడా చేరవలసినవారికి చేరలేదు. అదృష్టవశాత్తు వేరే పని నిమిత్తం ఆరు గంటల ముందు తీసిన ఒక నకలు దొరికింది. దానితో సంస్థ నిలబడింది గాని ఆ ఆరు గంటల రాత తిరిగి రాలేదు. తమకు జరిగినదంతా వారే బహిరంగంగా ప్రకటించటం మెచ్చుకోదగినది.

మన దేశంలో 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి కంప్యూటర్ల మీద దాడి జరిగింది. లెక్కలకు దొంగతాళం వేసి తెరవనీయకుండా చేసే దాడి అది. సుమారు రెండు వారాలపాటు రోగుల పేర్లు కాగితం మీద రాసుకొని ఆసుపత్రి నడిపారు. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వరు నుంచి లెక్కలు తిరిగి తెచ్చినట్లు ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఇందులో మనకు రెండు పాఠాలు. దొంగతాళం నెట్‌వర్కు వెంట పాకుతుంది గనుక ఉమ్మడి ఫోల్డరులోని నకలు ఒక్కటే చాలదు. టేపు మీదనో, తీసి బీరువాలో పెట్టగల డిస్కు మీదనో మరొక నకలు తీగలకు దూరంగా ఉండాలి. రెండవది, సర్వరు లేని రోజులలో పని నడిపించినది కాగితమే.

నకలు ఉండే చోటు కూడా ముఖ్యమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి దెబ్బతిన్నాయి. కొండ మీద కాఫీ తోటల నీడచెట్లు పెద్ద సంఖ్యలో కూలాయి. ఒకే గాలి సముద్రపు ఒడ్డునూ, కొండనూ ఒకే రోజున కొట్టింది. సర్వరు ఉన్న భవనంలోనే, పక్క గదిలో ఉంచిన నకలు ఇటువంటి రోజున ఎంత పనికివస్తుందో ఊహించవచ్చు. ఒక నకలు అదే తుఫాను తగలని దూరపు ఊరిలో ఉండాలి.

నడుమ పోయిన పూటలు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. నకలు ఎంత బాగున్నా అది తీసిన వేళ వరకే లెక్క చెబుతుంది. రాత్రి 11 గంటలకు నకలు తీశారు, మర్నాడు సాయంత్రం పాలు చేరిన తరువాత 8 గంటలకు సర్వరు పోయిందనుకోండి. రిస్టోర్ ఎంత చక్కగా జరిగినా ఆ ఉదయం, ఆ సాయంత్రం పాలు అందులో ఉండవు. పదిహేను రోజుల బిల్లులో 30 పూటలుంటే 28 పూటలే వచ్చినట్లు. ప్రతి మార్పునూ వెంటవెంటనే రాసుకొనే "జర్నల్" అనే చిట్టా ఈ యంత్రాలలో ఉన్నది. అది వేరే యంత్రంలో భద్రంగా ఉంటే కొంత దొరుకుతుంది. సర్వరులోనే ఉంటే సర్వరుతోపాటే పోతుంది.

ఆ రెండు పూటలూ తిరిగి ఎక్కడ దొరుకుతాయి? మీ కేంద్రంలో దొరుకుతాయి. యంత్రంలో నిలిచిన అంకెలు, రిజిష్టరు, మీ ఇంటి చూరులో దోపిన చీటీ, పాస్‌బుక్కు: ఆ రోజున లోకంలో ఉన్న నకళ్లు ఇవే.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. మీ యంత్రం నిన్నటి లెక్క పంపివేశానని గుర్తు పెట్టుకొని ఉంటుంది. సర్వరు ఒక రోజు వెనక్కు వెళ్లిందని దానికి తెలియదు. కాబట్టి అడిగితే తప్ప మళ్లీ పంపదు. ఒక కేంద్రం మళ్లీ పంపి, దాని కాగితం కూడా పై కార్యాలయంలో ఎక్కిస్తే అవే పాలు రెండుసార్లు పడతాయి. అందుకే ఏ పూట మళ్లీ పంపాలో పై కార్యాలయం తేదీతో, పూటతో రాతపూర్వకంగా చెప్పాలి. సంఘం అంతవరకే పంపాలి. సభ్యుని నెంబరు, తేదీ, పూట మూడూ కలిసిన రాత ఒక్కసారే పడేటట్లు సర్వరులో కట్టుదిట్టం ఉండాలి.

కొండ ఊళ్లలో సిగ్నలు నిలకడగా అందదు. వానాకాలంలో శృంగవరపుకోట నుంచి ఎక్కే ఘాటు రోడ్డు మీద, కొత్తవలస–కిరండూల్ రైలు దారి మీద చరియలు పడితే మనిషి రాకపోక కూడా ఆగుతుంది. అందువల్ల మైదానపు సంఘం కంటె కొండ సంఘం దగ్గర ఇంకా పంపని పూటలు ఎక్కువ ఉంటాయి. ఆ పూటలకు సర్వరులో అసలూ లేదు, నకలూ లేదు. కేంద్రంలోని యంత్రం, రిజిష్టరు మాత్రమే వాటికి ఆధారం.

సంఘాలు చేయవలసినవి

1. యంత్రం ఉన్నా రిజిష్టరు మానరాదు. ప్రతి పూటా సభ్యుని నెంబరు, లీటర్లు, శాతాలు సిరాతో ఎక్కించాలి. పూట చివర మొత్తం వేసి కార్యదర్శి, టెస్టరు సంతకాలు చేయాలి. దిద్దితే కొట్టివేత కనబడేటట్లు దిద్దాలి.

2. చీటీల అచ్చు కొన్నాళ్లకు వెలిసిపోవచ్చు. ఆ అంకెలను వెంటనే పాస్‌బుక్కులో ఎక్కించుకోవాలి. చదువు రాని సభ్యులకు కార్యదర్శి చదివి వినిపించాలి, వారికి వచ్చిన భాషలో, కువి గాని, ఆదివాసీ ఒడియా గాని.

3. బిల్లు చేతికి వచ్చేవరకు ఆ బిల్లు కాలపు చీటీలను పారవేయరాదు.

4. యంత్రంలోని లెక్కను వారానికి ఒకసారి పెన్‌డ్రైవుకు దించి, కేంద్రంలో కాక అధ్యక్షుల ఇంట గాని, మరొక పాలకవర్గ సభ్యుని ఇంట గాని ఉంచాలి. కేంద్రం పైకప్పు ఎగిరిన రోజున అది అక్కరకు వస్తుంది.

5. "మళ్లీ పంపండి" అని పై నుంచి కబురు వస్తే ఏ తేదీ నుంచి, ఏ పూట నుంచి అని రాసుకొని, పంపిన తరువాత మొత్తం లీటర్లు ఫోనులో సరిచూసుకోవాలి.

6. సర్వసభ్య సమావేశంలో మూడు ప్రశ్నలు అడగండి. మన లెక్కల నకలు ఎన్ని చోట్ల ఉన్నది? అందులో ఒకటైనా దూరపు ఊరిలో, తీగ తగలకుండా ఉన్నదా? ఈ సంవత్సరంలో ఒకసారైనా నకలు విప్పి, ఏ సంఘం రిజిష్టరుతో సరిపోల్చారు? మొదటి రెండింటికి జవాబు సులభంగా వస్తుంది. మూడవదానికి ఏ తేదీన, ఎవరి ఎదుట అన్నది కూడా చెప్పమనండి.

పై కార్యాలయాలను మేము కోరేది కూడా ఒకటున్నది. సంవత్సరానికి రెండుసార్లు, ఒకటి తుఫానుల కాలానికి ముందు, నకలు తెచ్చి పక్క అరలో విప్పి చూడాలి. ఆ పని రోజూ చేసే ఉద్యోగి కాక మరొకరు, రాసిపెట్టిన మెట్లు చూసుకొంటూ చేయాలి. ఆయన ఎక్కడ ఆగిపోతే అక్కడ రాతలో లోపమున్నట్లు. సరిపోల్చటానికి కొండ సంఘం రిజిష్టరు ఒకటి తప్పక తెప్పించాలి. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినందువల్ల ఫలితం లేదు.

ఈ రాత్రి కూడా మీరు పాలు కాచి తోడు పెడతారు. తెల్లవారి కుండ మూత తీసి చూస్తారు. పెరుగు గట్టిగా తోడుకుంటే అందులో నుంచి రేపటికి ఒక చెంచా తీసి పెడతారు. సంఘం లెక్కల విషయంలో కూడా ఆ మూత తీసి చూసే అలవాటు చేసుకోవలసినదిగా పాలకవర్గాలను, సభ్యులను కోరుతున్నాము.